ఉపమానం కాని ఒళ్లు

ముస్లింవాద సాహిత్యం ఒంటితోనే మొదలైంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన దీర్ఘకవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టినప్పుడే, పుట్టుకతో వచ్చి ఎంత కడిగినా పోని గుర్తొకటి ఈ దేశంలో ముస్లిం ఒంటి మీద ఉందని తెలుగు పాఠకుడికి గట్టిగా తెలిసింది. 1998లో 'జల్జలా' వచ్చింది. 2004లో 'వతన్' కథలొచ్చాయి. గడ్డం, టోపీ, బుర్ఖా, సున్తీ, అన్నీ మా రాతల్లోకి వచ్చాయి. పోలీసు చూసే ఒళ్లు, పక్కింటివాడు చూసే ఒళ్లు, మౌల్వీ చూసే ఒళ్లు వచ్చాయి. రావాల్సినవే. కాని చేతులూ కాళ్లూ కురచగా, నుదురు ముందుకొచ్చి, తల పెద్దగా పుట్టిన బిడ్డ మా ఇళ్లల్లో ఉంది. ఆ బిడ్డ మా చదువులో ఎక్కడా కథగా తారసపడలేదు, కవితగా తారసపడలేదు. తెలుగు రాతల్లో మాత్రం కనపడుతూనే ఉంది. తిట్టుగా.

'మరుగుజ్జు మనస్తత్వం', 'మరుగుజ్జు మేధావులు', 'మరుగుజ్జు నాయకత్వం'. అభ్యుదయం రాసేవాళ్లకు, విప్లవం రాసేవాళ్లకు, స్త్రీవాదులకు, దళితవాదులకు, మాకు, అందరికీ చేతికందిన మాట ఇది. ఎదుటివాడి ఆలోచన చిన్నదని చెప్పాలంటే వాడి ఒంటిని కుదించి చూపిస్తే సరి. ఇదే వరసలో గుడ్డి నమ్మకం, కుంటి సాకు, అవిటి వ్యవస్థ. కులం పేరుతో తిట్టకూడదని తెలుగు సాహిత్యం చాలా ఆలస్యంగానైనా నేర్చుకుంది. 'తురకోడు' అనే మాట అచ్చులో పడితే ఇవాళ కనీసం ఒక ఉత్తరమైనా వస్తుంది. మరుగుజ్జు అంటే ఎవరూ ఉత్తరం రాయరు. ఎందుకంటే ఆ మాటకు వెనకాల ఒక ఇల్లుందని, ఆ ఇంట్లో స్టూలు వేసుకుని గడియ తీసే పిల్ల ఉందని రాసేవాడికి తట్టదు.

మాటను నిషేధించమని మేం అడగడం లేదు. పొట్టి అన్న మాటలో ఏ దోషమూ లేదు. తెలుగువాళ్ల రాష్ట్రం కోసం 1952లో ప్రాణమిచ్చిన మనిషి ఇంటిపేరే అది. 2008లో నెల్లూరు జిల్లా పేరులో కూడా చేరింది. ఇంటిపేరుగా దండ వేయించుకునే మాట, వీధిలో మా పిల్ల వెనకాల పడేసరికి రాయి అవుతోంది. 'పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు' అని సామెత చెప్పి బుజ్జగించేవాళ్లూ ఉన్నారు. వాళ్లది మంచి మనసే. కాని పొడుగు పిల్లకు పుట్టెడు బుద్ధులు లేకపోయినా జరుగుబాటవుతుంది, మా పిల్లకు మాత్రం ఉండి తీరాలన్నమాట!

సినిమా సంగతి చూద్దాం. 1989లో తమిళం నుంచి 'విచిత్ర సోదరులు' వచ్చింది. గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట హాళ్లలో మా తరం దాన్ని విరగబడి చూసింది. కమల్‌హాసన్ మోకాళ్లు మడిచి అప్పూ వేషం ఎలా వేశాడా అని మా వాళ్లు నెలల తరబడి వాదించుకున్నారు. అప్పూ కథ గురించి వాదించుకున్నవాళ్లు తక్కువ. నిజం చెప్పాలంటే అది కొంత మేలైన సినిమానే. అప్పూకి కోపం ఉంది, తెలివి ఉంది, ప్రేమించే హక్కు ఉందని చెప్పింది. తర్వాత వచ్చినవాటిలో పొట్టి మనిషి కిందపడి నవ్వించడానికే ఎక్కువగా వచ్చాడు. అయితే ఆ కథలో ఒక మెలిక ఉంది. గర్భంతో ఉన్న తల్లికి విలన్లు విషం తాగిస్తారు. అందుకే కవలల్లో ఒకడు పొట్టివాడుగా పుడతాడు. బిడ్డ ఒంటికి కారణం తల్లి కడుపులో పడినదేననే నమ్మకం మన ఊళ్లలో ముందునుంచీ ఉన్నదే. గ్రహణంనాడు బయటికొచ్చింది, బొప్పాయి తిన్నది, ఏదో చూసి జడుసుకుంది. సినిమా ఆ నమ్మకానికి కెమెరా పెట్టింది, అంతే.

వైద్యశాస్త్రం చెప్పేది వేరు. ఇలాంటి పొట్టితనాల్లో ఎక్కువగా కనపడేదాన్ని అకాండ్రోప్లేసియా అంటారు. ఎక్కువగా అన్నా పాతికవేల కాన్పుల్లో సుమారు ఒకటి. నాలుగో క్రోమోజోము మీద ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువు ఉంది. ఎముక ఎదుగుదలకు కళ్లెం వేసే జన్యువు అది. దానిలో ఒకే ఒక్క అక్షరం మారడంవల్ల కళ్లెం ఎప్పుడూ బిగిసే ఉంటుంది, చేతుల కాళ్ల పొడుగెముకలు సాగవు. ఈ మార్పును 1994లో కనిపెట్టారు. ఇలా పుట్టిన పిల్లల్లో నూటికి 80 మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది, అదీ దాదాపుగా తండ్రి వీర్యకణంలో. తండ్రి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం కొంత పెరుగుతుంది. తల్లి తిన్నదానికీ తాగినదానికీ సంబంధం లేదు, గ్రహణానికి అసలే లేదు. తెలివితేటలకు ఏ లోటూ రాదు. చెవులు తరచూ చీము పడతాయి, పసితనంలో మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోకుండా కనిపెట్టుకోవాలి, పెద్దయ్యాక నడుం నొప్పులుంటాయి. పెంచేవాళ్లకు తెలియాల్సింది ఇది. ఇంతమాత్రం తెలియజెప్పిన కథ ఒక్కటి తెలుగులో వచ్చుంటే ఎందరో కోడళ్లు అత్తల ముందు తలెత్తుకుని ఉండేవారు.

ఇక్కడే మా అస్తిత్వం పేచీ మొదలవుతుంది. మామూలు ఇంట్లో ఇలాంటి బిడ్డ పుడితే 'ఏ పాపమో' అంటారు. ముస్లిం ఇంట్లో పుడితే పాపం దాకా పోనక్కర్లేదు, కారణం సిద్ధంగా ఉంటుంది. 'మీలో దగ్గర సంబంధాలు కదా!' ఓపీ చీటీ మీద పేరు చూడగానే ఒక డాక్టరు మాతో అన్న మొదటి మాట ఇదే. పిల్లను ఇంకా బల్ల మీద పడుకోబెట్టలేదు. పిల్ల తల్లిది మార్కాపురం, తండ్రిది చిలకలూరిపేట. నిఖాకు ముందు రెండు కుటుంబాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నవి కావు. ఆ సంగతి చెప్పినా ఆయన నమ్మినట్టు లేదు. మేం చెప్పేది కాక మా పేరు చెప్పేదే ఆయనకు వినపడింది. పైగా పైన చెప్పిన జబ్బుకు దగ్గర సంబంధాలతో నిమిత్తమే లేదు. ఒక్క కాపీ మారితే చాలు వచ్చే జబ్బు అది. ఇద్దరివైపు నుంచీ చెడ్డ కాపీ వస్తేనే పైకి తేలే జబ్బులు వేరు. తలసీమియా అలాంటిది, వెన్నులోని నరాలు చచ్చి కండ పడిపోయే ఎస్ఎంఏ అలాంటిది. వాటికి రక్తసంబంధపు పెళ్లిళ్లు దారి సుగమం చేస్తాయి. అది దాచాల్సిన పనిలేదు. మేనత్త, మేనమామ, పెదనాన్న, పినతల్లి పిల్లల మధ్య పెళ్లయితే, ఏదైనా పుట్టుక లోపం ఉండే అవకాశం మామూలుగా ఉండేదానికంటే నూటికి రెండు మూడు పెరుగుతుంది. మా ఖౌమ్ ఈ సంగతి తెలుసుకోవాలి. జుమ్మా నాడు మింబరు మీదనుంచి చెబితే ఇంకా మంచిది.

కాని లెక్క పూర్తిగా చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్లు దాదాపు నాలుగింట ఒకటి రక్తసంబంధంలోనివి. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ ఎల్లల్లో 2011 జనాభా లెక్క ప్రకారం ముస్లింలు నూటికి సుమారు ఏడుగురే. మేం మొత్తం మందిమి దగ్గర సంబంధాలే చేసుకున్నా ఆ నాలుగో వంతు నిండదు. కేరళలో ముస్లింలు నాలుగో వంతుకు పైగా ఉన్నారు. అక్కడ రక్తసంబంధపు పెళ్లిళ్లు మన రాష్ట్రంతో పోలిస్తే బహు తక్కువ. కనుక ఇది మతం ఆచారం కాదు, దక్షిణాది నేల ఆచారం. మేనరికం అన్న మాటే తెలుగుది. ఉర్దూ నుంచి మేం తెచ్చింది కాదు. బావా మరదళ్ల సరసం లేకుండా తెలుగు సినిమా ఎన్నేళ్లు నడిచింది? అక్క కూతుర్ని తమ్ముడికివ్వడం తెలుగు కుటుంబాల్లో ముచ్చటగా చెప్పుకునే సంగతి. 1955 హిందూ వివాహ చట్టం దగ్గర బంధువుల పెళ్లిని వద్దంటూనే, ఆచారం ఉంటే సరేనని తలుపు తీసి పెట్టింది. ఖురాన్ నిసా సూరాలో అక్కచెల్లెళ్ల కూతుళ్లు, అన్నదమ్ముల కూతుళ్లు హరామ్ అని తేల్చి చెప్పింది. మేనమామా మేనకోడళ్ల రక్తంలో పాలు నాలుగో వంతు, మొదటి వరస దాయాదుల్లో ఎనిమిదో వంతు. ఎక్కువ పాలున్నది ముచ్చట అయింది, తక్కువ పాలున్నది వెనకబాటుతనం అయింది. ఈ తూనిక ఎవరి చేతిలో ఉంది?

గుంటూరులో మేనరికం అన్నవాళ్లే పడమటి ప్రకాశానికి పోతే మరో మాట అంటారు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు చుట్టాలింటికి పిల్లను తీసుకెళితే ఎవరూ పెళ్లి సంబంధం గురించి అడగలేదు. వంకర కాళ్లు చూసి 'ఏ ఊరి బోరు నీళ్లమ్మా?' అన్నారు. వాళ్ల అనుభవం అది. ఈ దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది ఆ ప్రాంతంలోనే. అప్పటికది నెల్లూరు జిల్లా. దుక్కిటెడ్లు కాళ్లు పట్టేసి కూలబడటం రైతులు ముందు గమనించారు, 1937లో అది వైద్య పత్రికకు ఎక్కింది. తర్వాత తరాల మనుషులు పచ్చని పళ్లతో, వంగిన నడుములతో బతికారు. ఫ్లోరైడుకు నీళ్లు కారణం, నీళ్లకు ప్రభుత్వం జవాబుదారీ. మా పిల్ల కాళ్లకు నీళ్లు కారణం కాదు. అయినా ఆ ఊళ్లలో పిల్లను చూసే చూపులో ఏదో తేలిక కనపడింది. నింద తల్లి మీద లేదు, మతం మీద లేదు. భూమి మీద ఉంది. ఒకే కాళ్లకు గుంటూరులో మతం కారణం, దర్శిలో బోరు కారణం.

మా వాళ్ల సంగతి కూడా చెప్పకపోతే ఈ విమర్శ ఒంటికంటిదవుతుంది (చూశారా, భాష ఎలా కాచుక్కూర్చుందో!). మిరపకాయ ఊళ్లు మావి. యార్డులో కాయ రంగు చూసి, పొడవు చూసి, తాలు వేరు చేసే కళ్లు మావి. పత్తి పింజ పొడవును చేత్తో లాగి చెప్పగల దూదేకులవాళ్లు మా బంధువులు. కొలిచీ కొలిచీ ఆ చూపు ఇంట్లోకి వస్తుంది. పిల్లను 'తాలుకాయ' అన్నది బయటివాళ్లు కాదు. వరసకు ఫుప్పు. ప్రేమతోనే అన్నానంటుంది. కాలే మస్తాన్ షా దర్గాకు తీసుకెళ్లారు, కసుమూరు తీసుకెళ్లారు, తావీజు కట్టించారు. దర్గాకు పోవడాన్ని మేం వెక్కిరించం. గుంటూరు జిల్లాలో మస్తాన్‌వలీ పక్కన మస్తాన్‌రావు, మస్తానమ్మ పుట్టింది ఆ దర్గాల చలవే. బాధ పడేవాళ్లు కూర్చునే చోటు అది. పక్కన కూర్చున్న ముఖం తెలియని ఆడమనిషి పిల్లను ఒళ్లోకి తీసుకుని చక్కెర ఫాతెహా పెట్టి పంపింది, ఒక్క ప్రశ్న వేయలేదు. తావీజు కట్టి 'అమావాస్య దాకా ఆగండి' అని చెవి డాక్టరు దగ్గరికి వెళ్లనివ్వనివాళ్లతోనే మా తగువు. చెవి చీము అమావాస్య దాకా ఆగదు.

మౌల్వీసాబులు ఏం చెబుతున్నారు? 'అల్లా పరీక్ష, సబర్ చేయండి.' సబర్ చేస్తూనే ఉన్నాం. జులైబీబ్ కథ ఎందుకు చెప్పరు? ప్రవక్త సహచరుల్లో ఆయన పొట్టివాడు, రూపసి కాడు, వంశం చెప్పుకోడానికి లేదు. ప్రవక్త స్వయంగా ఒక అన్సారీ ఇంటికి ఆయన సంబంధం అడిగారు. తల్లిదండ్రులు వెనకాడితే ఆ పిల్లే ఒప్పుకుంది. యుద్ధంలో ఆయన చనిపోతే, ఎవరూ లెక్కపెట్టని ఆ మనిషిని వెతికించి తన చేతుల మీద ఎత్తుకుని ఖబరు దాకా తెచ్చారు. అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ దగ్గర ముఖం చిట్లించినందుకు ఖురాన్‌లో ఏకంగా ఒక సూరా దిగింది. ఆయన అజాన్ ఇచ్చేవాడు కూడా. మా మసీదుల్లో మెట్ల ఎత్తు చూసినవాళ్లకు, వజూ చేసే కుళాయి ఎత్తు చూసినవాళ్లకు ఈ కథలు మింబరు దాకా ఎక్కలేదని అర్థమవుతుంది. హిందూ మిత్రులకు వామనుడి కథ ఉంది. ఆ కథలోనూ పొట్టివాడికి గౌరవం దక్కేది ఆకాశమంత పెరిగాకే, పొట్టిగా ఉన్నంతసేపూ ఆయన యాచకుడే.

ఈ మధ్య పత్రికలకు 'అరుదైన జబ్బు' అనే కొత్త వార్త దొరికింది. 2021లో హైదరాబాదులో ఎస్ఎంఏ ఉన్న ఒక పసివాడికి చందాలతో 16 కోట్ల ఇంజెక్షన్ వేశారు. ఆ బిడ్డ బతకాలని మేమూ దువా చేశాం. కాని అప్పటినుంచి అరుదైన జబ్బంటే కోట్ల అంకె ఉన్న జబ్బేనని పాఠకుడికి అలవాటైంది. అంకె లేని జబ్బు వార్త కాదు. రోజూ స్టూలు జరపడం వార్త కాదు, పిల్లకు బస్సు మెట్టు అందకపోవడం వార్త కాదు. 2021లోనే అకాండ్రోప్లేసియాకు వోసోరిటైడ్ అనే మందుకు యూరపులోనూ అమెరికాలోనూ అనుమతి వచ్చింది. ఎముక పెరిగినంత కాలం రోజూ సూది వేయాలి. మా ఊళ్లలో ఎవరి ఇంటి లెక్కకూ అందని ధర అది. అదే ఏడు కేంద్రం అరుదైన జబ్బులకు జాతీయ విధానం ప్రకటించింది. సాయం 50 లక్షల దాకా అని 2022లో పెంచింది. మొదట ప్రకటించిన ఎనిమిది కేంద్రాల్లో తెలుగువాళ్లకు దక్కింది హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి నడిపేది. ఆంధ్రప్రదేశ్ ఎల్లల్లో ఒక్కటీ లేదు. రాష్ట్రం 2014లోనే చీలిపోయింది, జబ్బులు చీలలేదు.

ఇక చట్టం. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాలనే చెప్పింది, అందులో మరుగుజ్జుతనం పేరు విడిగా లేదు. 2016 చట్టం 21 రకాలకు పెంచి ఆ పేరు చేర్చింది. పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల పది అంగుళాలు, అంతకు లోపు ఉండాలి. పిల్ల పెద్దయ్యేదాకా ఆ కొలత తేలదు కదా అంటే, పుస్తకం ఉన్న చోట పుస్తకం, దయ ఉన్న చోట దయ. సదరం శిబిరంలో గోడకు నిలబెట్టి కొలిచినప్పుడు పిల్ల మడమలు ఎత్తింది. బళ్లో ఎత్తు కొలిచేటప్పుడు పిల్లలందరూ చేసే పనే. కొలిచేవాడు భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కాడు. మేం చెయ్యి తీయమన్నాం, తీశాడు. 40 శాతం వస్తేనే రిజర్వేషను. ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం. వెనకబడిన ముస్లింలకు 2007లో వచ్చిందీ 4 శాతమే. రెండు నాలుగులూ కలిసినా మా పిల్లకు దక్కేది ఒక్క కుర్చీ. అదీ కాళ్లు నేలకు ఆనని కుర్చీ.

తెలుగు సినిమాలో సాయిబు చాలాకాలం భాష తప్పు పలికి నవ్వించాడు. పొట్టివాడు ఎత్తు తక్కువై నవ్వించాడు. ఇద్దరిదీ ఒకే కూలి. మొదటివాడి తరఫున మేం కలం పట్టి ముప్పయ్యేళ్లు దాటింది. రెండోవాడి తరఫున పట్టాలంటే జబ్బు మనిషిని జాలి లేకుండా రాసే చెయ్యి కావాలి. ప్రకాశం జిల్లావాడే అయిన సలీం హెచ్ఐవీ మీద 'కాలుతున్న పూలతోట' రాసి 2010లో సాహిత్య అకాడెమీ అవార్డు తెచ్చుకున్నాడు. జబ్బు కంటే చూపు ఎక్కువ చంపుతుందని అక్కడ వచ్చింది. ఖదీర్‌బాబు 1999 'దర్గామిట్ట కతలు'లో మా పిల్లల అల్లరి, ఆకలి పిల్లల గొంతుతోనే వచ్చాయి. ఆ అల్లరిమూకలో ఒక పొట్టి పిల్లను ఊహించడం కష్టం కాదు. ఆ పిల్ల జామచెట్టు ఎక్కలేదు, కింద నిలబడి ఏ కాయ కొయ్యాలో చెబుతుంది, కాయలు పంచే పెత్తనం తనే తీసుకుంటుంది. మా ఇంట్లో జరిగేది అదే.

మా పిల్లకు ఇప్పుడు చదవడం వచ్చింది. దొరికిన కాగితమల్లా చదువుతుంది, పొట్లాలు విప్పి మరీ చదువుతుంది. మొన్న ఒక పాత ఆదివారం అనుబంధంలో సమీక్ష చదివి, 'మరుగుజ్జు రచయితలు అంటే వాళ్లు నాలాగే ఉంటారా?' అని అడిగింది. ముఖంలో సంతోషం ఉంది. తనలాంటివాళ్లు పుస్తకాలు రాశారనుకుంది. ఆ సమీక్ష రాసినాయన మాకు తెలిసినవాడే, మంచివాడు, మా సభలకు వస్తాడు. ఈ సంకలనం ఆయనకూ ఒక కాపీ పంపుతున్నాం.